దొరవారి బావి, అమీర్‌పేట ప్రళయం

ఆ రోజుల్లో అమీర్‌పేటలో కంప్యూటర్ నేర్చుకునేవాళ్లు ఎంతమందో, ఆ కంప్యూటర్లన్నీ రేపోమాపో ఆగిపోతాయని వణికేవాళ్లూ అంతమందే. రెండువేల సంవత్సరం పుట్టగానే యంత్రాలకు తేదీ అర్థంకాక కరెంటూ, నీళ్లూ, బ్యాంకులూ అన్నీ బందవుతాయని పుకారు. మధురానగర్ హాస్టల్లో నా గదిలో ఉండే కోస్తా మిత్రుడు (పొద్దస్తమానం కోబాల్ అనే కంప్యూటర్ భాష చదివేవాడు గనుక అతని పేరే కోబాల్ అయిపోయింది) ఒకరోజు, "ఏంటి దొరగారూ, ఆ ప్రళయం వస్తే మనం ఎక్కడికి పారిపోదాం?" అన్నాడు.

ఆస్తి పోయినా మెడ గానీ నడుము గానీ వంచని వంశం మాది. "మా మండలానికి పదండి. ఉప్పు తప్ప బయటినుంచి ఏమీ అక్కర్లేదు. మా బావి ఒక్కటి చాలు, ఎంత కరువులోనూ ఎండదు" అన్నాను. ఆ బావీ, దాని కింది పొలమూ నా చిన్నప్పుడే అమ్ముడుపోయాయని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. కోబాల్ ఊరుకునే రకమా? మండలంలో ఎడ్లున్నాయా, గానుగ ఆడుతోందా, కరెంటు లేకపోతే నీళ్లెలా తోడతారు, మంత్రసాని దొరుకుతుందా (మాలో ఎవరికీ పెళ్లే కాలేదు) అని రోజూ ఆరా. మంచం దిగకుండానే నేను మండలాన్నంతా సస్యశ్యామలం చేసేశాను. హాస్టల్ మొత్తం నా వెంట రావడానికి సిద్ధమైంది.

సరిగ్గా అప్పుడే ఆ బావి కొన్న రైతు, కూతుర్ని కోర్సులో చేర్పించడానికి, రేకుపెట్టెతో సహా అమీర్‌పేటలో దిగాడు. మా ఇంట్లో అతన్నీ, అతని తండ్రినీ 'ఒరే' అని తప్ప పిలిచి ఎరగరు. మా ఊరివాడని తెలియగానే అతన్ని పంజాగుట్ట ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి కోబాల్ విచారణ మొదలుపెట్టాడు. "ఏవండీ పెద్దాయనా, దొరగారి బావి నిజంగా ఎండదా? అసలది వీళ్లదేనా?"

రైతు సాసర్లో చాయ్ ఊదుకుంటూ నా ముఖం వంక ఒకసారి చూశాడు. "గది దొరోళ్ల బాయే సార్. మస్తు నీళ్లు. కరెంటు పోతే మోట కొడ్తం. మీరంత రాండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి. బువ్వకు తక్కువ గాదు."

బయటికొచ్చాక అతన్ని పక్కకు లాగి, "అబద్ధమెందుకు చెప్పావు?" అని గొణిగాను.

"అబద్ధమేంది దొరా? కొన్నది నేను. తవ్విచ్చింది మీ తాతనే గదా! ఊరంత గట్లనే అంటది" అని నవ్వాడు.

కృతజ్ఞత చెప్పుకోవడం మా వంశంలో ఎవరూ నేర్పలేదు. ఏం చెయ్యాలో తోచక ఆ రేకుపెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకున్నాను. "అయ్యో దొరా, నీకేంది గీ పని!" అంటూ వెంటపడ్డాడు. "నువ్వూరుకో కాకా" అన్నాను. చిన్నాన్నను పిలిచే ఆ పిలుపు విని అతను నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. కూతురు చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆటోవాడు మాత్రం, "ఓ పెద్దమనిషీ, జర జరుగు!" అని అరిచాడు.

జనవరి ఒకటిన మా గది ట్యూబ్‌లైటు ఎప్పటిలాగే మిణుకుమని వెలిగింది. కోబాల్ నిరాశపడ్డాడు, పాపం. నా వంగని నడుమును చూసి ఇంట్లోవాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. చెయ్యనీ. ఆ పెట్టె లేడీస్ హాస్టల్ దాకా ఎక్కడా ఒరగకుండా వెళ్లిందంటే ఈ నడుము చలవే.