ప్రభువు బల్ల మీద పుల్లటి రసం

కొండ మీద దొర బంగళాలో నేనూ మా ఆయనా తోటపని చేసే రోజుల్లో, దొరసాని ద్రాక్ష పందిరి మా చేతుల్లోనే ఉండేది. ఒక ఏడు క్రిస్మస్‌కి, కింద సుంగై సిపుట్ ఊళ్ళో ఉన్న మా గుడిలో ప్రభువు బల్లకి ద్రాక్షారసం నేనే చేసిస్తానన్నాను. దొరసాని సరేనంది. మా అత్త ఎస్టేట్ కూలీల ఇళ్ళ లైన్లన్నిటా గొప్పగా చెప్పుకుంది.

ఆ ఏడు మంచు వీడలేదు. ఎండ తగలక కాయలు పచ్చగా, గట్టిగా ఉండిపోయాయి. పండుగ దగ్గర పడుతోందని, కాస్త రంగు తిరిగిన గుత్తులు కోసి, పంచదార కలిపి పులియబెట్టాను.

గుడిలో గిన్నె చేతులు మారుతుంటే ఒక్కొక్కరి మొహమూ ముడుచుకుపోయింది. ఒక ముసలామెకి పొలమారింది. నేను ముసుగు ముందుకి లాక్కున్నాను. మిగిలిన రసాన్ని పాస్టరు అయ్యగారు చివరి చుక్కదాకా తాగారు. ఆయన తిట్టినా బాగుండేది.

బయటికి రాగానే మా అత్త, "ఏటే ఇది, సింతపండు పులుసు సేసినావా?" అంది. అందరూ విన్నారు. నేను తలెత్తలేకపోయాను.

కొండెక్కి వచ్చి చూస్తే, పందిట్లో వదిలేసిన గుత్తులు అప్పుడే నల్లబడ్డాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను. మంచి తీపి. ఎండలు బాగా కాసిన ఏళ్ళలో కూడా లేనంత కమ్మని వాసన.

"సలికి నిదానంగా పండినాయి. మనవే ఆగలేదు" అన్నాడు మా ఆయన. "అయ్యగారికి ఓ బుట్టెడు పట్టికెళ్ళు."

"నువ్వే పట్టికెళ్ళు" అన్నాను. నాకు మొహం చెల్లలేదు. ఆ ఆదివారం బుట్ట పట్టుకుని ఆయనొక్కడే గుడికి వెళ్ళాడు.