పైపుల పెద్దాయన ఎత్తించిన బరువు

పైపుల పెద్దాయనకు ఉన్నది ఒకటే పిచ్చి. ఎదుటి మనిషి చేత బరువెత్తించనిదే ఆయన పనిలోకి దిగడు. ఇల్లంతా నీళ్లతో నిండిపోయిందని లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చినా ఆయన జవాబు మారదు.

"ముందు ఎత్తు."

ఎత్తాల్సింది ఇసుక పోసి రెండు వైపులా మూతలు బిగించిన ఇనప పైపు. అలాంటివి కొట్టు గోడకు వరసగా ఆనించి ఉండేవి. వాటి మీద సుద్దముక్కతో పోస్టుమాన్, బేకరీ, మేష్టారు అని రాసి ఉండేది. ఎవరి పైపు వాళ్లు పదిసార్లు ఎత్తి దించితే గానీ పెద్దాయన పానా పట్టడు. ఏడాది కిందట ఉన్నట్టుండి పట్టుకున్న పిచ్చి ఇది.

పక్క కొట్టు టైలరమ్మకు ఇదంతా చూస్తే ఒళ్లు మండేది. ఒకరోజు ఆవిడ కొళాయి కారడం మొదలుపెట్టింది. వెళ్లక తప్పలేదు.

"నేనెత్తను అన్నయ్యా. నాకు బీపీ. రక్తనాళాలు బిరుసెక్కాయి. బరువెత్తితే ఠప్పున పగులుతాయి."

"డాక్టరన్నాడా?"

"నేనే అంటున్నా."

"చూడు చెల్లెమ్మా, ఇంటికి ఇనప పైపు మంచిది. ఒంట్లో మాత్రం రబ్బరు గొట్టం ఉండాలి. ఒత్తిడి పెరిగితే సాగాలి, తగ్గితే సర్దుకోవాలి. కండ పని చేస్తే రక్తం అటు ఉరుకుతుంది. అలా ఉరికీ ఉరికీ గొట్టం మెత్తబడుతుంది."

"ఎన్నాళ్లకి?"

"నెలలు పడుతుంది. వాషరు మార్చడం కాదుగా. మాత్ర మాత్రం మానకు."

కుట్టాల్సిన పట్టుగుడ్డ మీద నీళ్లు చిమ్ముతున్నాయి. ఆవిడ తిట్టుకుంటూనే పైపందుకుంది.

"ఊపిరి బిగబట్టకు! వదులు!" అని పెద్దాయన అరిచిన అరుపుకి రోడ్డు మీద పోతున్న పోస్టుమాన్ కూడా ఊపిరి వదిలాడు.

అసలు ఆవిడ దిగులు కొళాయి గురించి కాదు. మనవడి గురించి. ప్రతి ఆదివారం కూతురు వాణ్ణి తీసుకొచ్చేది. వాడు చేతులు చాచేవాడు. ఎత్తుకున్నాక తలలో ఏదో తెగి వాణ్ణి జారవిడుస్తానేమోనని ఆవిడ భయం.

"వాడికి నిద్రొస్తోందే" అనేది.

"ఇప్పుడే లేచాడమ్మా!"

ఆవిడ గబగబా మిషను దగ్గరికి పోయి ఎవరి జాకెట్టుకో రెండు చేతులూ కుడివే కుట్టేది.

పెద్దాయన బిగించిన కొళాయి పదేళ్లు కారదని పేరు. టైలరమ్మది మాత్రం రోజు మార్చి రోజు కారేది. నీళ్లు మంచివి కావనేవాడు. ఆవిడ మళ్లీ వెళ్లేది, మళ్లీ ఎత్తేది.

"పైపు బరువెక్కిందేమిటి అన్నయ్యా?"

"వానాకాలం కదా. ఇనుము తేమ పీలుస్తుంది."

"ఎండాకాలంలోనూ పెరిగిందే!"

"ఎండకి ఉబ్బుతుంది."

నిన్నటి ఆదివారం మనవడు ఎప్పటిలాగే చేతులు చాచాడు. టైలరమ్మ ఎప్పటిలాగే నిద్ర మాట ఎత్తింది. కొళాయి కింద దూరి ఉన్న పెద్దాయన తల బయట పెట్టాడు.

"వాడు తొమ్మిది కిలోలు. నీ పైపు తొమ్మిదిన్నర. నెల రోజుల్నించీ వాడికన్నా బరువే ఎత్తుతున్నావు. ఏది, ఎక్కడ పగిలిందో చూపించు!"

కూతురు నోరు తెరిచింది. "అందుకా మావయ్యా, నెలనెలా ఫోన్ చేసి వీడి బరువెంతని అడిగేవాడివి?"

దాంతో మిగతాదీ బయటపడింది. ఏడాది కిందట డాక్టరు ఆవిడతో కొద్దికొద్దిగా బరువులెత్తమని చెప్పినప్పుడు, ఆవిడ ససేమిరా అన్నప్పుడు, పెద్దాయన అదే గదిలో సింకు కింద ఉన్నాడు. ఆవిడ వెళ్లాక, ఎంతతో మొదలుపెట్టాలో, ఎప్పుడెంత పెంచాలో డాక్టర్ని అడిగి అగ్గిపెట్టె మీద రాసుకున్నాడు.

"మరి ఊరందరి చేతా ఎందుకు ఎత్తించావు?" అంది టైలరమ్మ.

"నీ ఒక్కదాని చేత ఎత్తిస్తే నువ్వు రోగివవుతావు. అందరి చేతా ఎత్తిస్తే నేను పిచ్చివాణ్ణవుతాను. నాకేం నష్టం?"

టైలరమ్మ వంగి మనవణ్ణి ఎత్తుకుంది. ఏమీ తెగలేదు. వాడు మాత్రం ఆవిడ మెళ్లో వేలాడుతున్న కొలత టేపు నోట్లో పెట్టుకున్నాడు.

గంట తర్వాత కూతురు బస్సుకి టైమైందని చేతులు చాచింది.

"ఉండవే, వాడికి నిద్రొస్తోంది" అని టైలరమ్మ వాణ్ణి రెండో భుజానికి మార్చుకుంది.