ఒట్టు వెయ్యని దీవెనమ్మ

మా అమ్మ దీవెనమ్మ మెడలో నేనేనాడూ నగ చూడలేదు. నర్సుగా నా మొదటి జీతంతో ఒమాన్‌లోని రూవి బజారులో సన్నటి బంగారు గొలుసు కొనుక్కొచ్చి ఇస్తే, "నీ మెడకే బాగుంటుందే" అని దాన్ని నాకే వేసి, వంకాయ మొక్కలకు పాదులు తియ్యడానికి వెళ్ళిపోయింది. మొండిఘటం. ఆ మొండితనం గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. చెప్పుకోడానికి నాకు సిగ్గేమీ లేదు, గర్వమే.

అమ్మది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. ఎప్పుడో ఆ పల్లెకు వైద్యం చెయ్యడానికి వచ్చిన ఒక దొరసాని క్వేకరట. క్రైస్తవురాలే గాని, ఆవిడ ప్రార్థనలో పాస్టరు ఉండడు, ప్రసంగం ఉండదు. అందరూ మౌనంగా కూర్చుంటారు. నగలు పెట్టుకోరు, ఒట్టు వెయ్యరు. ఆవిడ వెళ్ళిపోయినా ఆ అలవాట్లు మా అమ్మమ్మ ఇంట్లో ఉండిపోయాయి. పెద్ద మాటేదైనా చెప్పాల్సి వస్తే ముందు కళ్ళు మూసుకుని కాసేపు కూర్చోవాలి, తర్వాతే నోరు విప్పాలి.

నాన్న ఇమ్మానియేలు ఒమాన్‌లో, బర్కాలో, ఖల్ఫాన్ అనే ఆయన ఖర్జూరపు తోట చూసుకునేవాడు. నాకు ఐదేళ్ళప్పుడు అమ్మ కూడా ఆ అర్బాబు ఇంట్లో వంటకని వెళ్ళింది. యజమానిని అక్కడ అర్బాబ్ అంటారు. నేను అమ్మమ్మ దగ్గర ఉండిపోయాను. మా వీధిలో గల్ఫ్ వెళ్ళిన ప్రతి తండ్రీ ఫోన్లో "దేవుడి తోడు, ఈసారి వస్తా" అనేవాడు. వచ్చింది తక్కువ. నేనూ "ఒట్టు వెయ్యమ్మా" అని ఏడ్చేదాన్ని. అవతల చప్పుడుండేది కాదు. ఫోన్ కట్టయిందేమోనని నేను హలో హలో అని అరిచేదాన్ని. ఆఖరికి "మామిడికాయల రోజుల్లో వస్తానే" అనేది. వచ్చేది. రాలేని ఏడు రాలేనని ముందే చెప్పేసేది. అప్పుడు ఎంత కోపం వచ్చేదో!

అక్కడ వంట అయ్యాక ఖాళీగా కూర్చోలేక, తోట చివర ఉప్పు పేరుకుని ఎవరికీ అక్కర్లేని నేల అడిగి పుచ్చుకుంది. మేకల ఎరువు మోసి మోసి పోసింది. రెండేళ్ళు ఏదీ బతకలేదు. నాన్న నవ్వాడు. తర్వాతి ఏడు గోంగూర లేచింది. ఆపైన వంగ, బెండ, దోస. ఆ చుట్టుపక్కల చీర కొంగు బొడ్లో దోపుకుని పార పట్టిన మొదటి ఆడమనిషి మా అమ్మే. ఇప్పుడు సెలవురోజు, శుక్రవారం వస్తే పక్క తోటల్లో పనిచేసే మనవాళ్ళంతా గోంగూర పచ్చడి కోసం మా గుమ్మంలోనే ఉంటారు.

పోయిన వేసవిలో ఆ నేల పోయేంత పనైంది. అప్పటికి నేను బర్కాలోనే ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీ లేదని ఆ శుక్రవారం తోటలోనే ఉన్నాను. ఖల్ఫాన్ తోటకూ ఆయన తమ్ముడి తోటకూ ఒకటే బావి, రోజు విడిచి రోజు వంతు. తమ్ముడి తోట చూసే జావెద్ వచ్చి హిందీలో కేకలు మొదలుపెట్టాడు. వాళ్ళ పశువుల గడ్డి ఎండిపోతోందట. తమ వంతు రోజున అమ్మ వాల్వు తిప్పేసి కూరలకు నీళ్ళు పెట్టుకుంటోందట. చూసేవాళ్ళకు నిజమేననిపిస్తుంది. అటు గడ్డి ఎర్రబడిపోయింది, ఇటు అమ్మ బెండ మొక్కలు పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

ఖల్ఫాన్‌కు గొడవలు పడవు. అందరినీ చాప మీద కూర్చోబెట్టి కహ్వా, వాళ్ళ కాఫీ, పోయించాడు.

"'వల్లా, దేవుడి తోడు, నేను నీళ్ళు తియ్యలేదు' అని నీ దేవుడి మీద ఒక్క మాట అను దీవెనా. చాలు. అనకపోతే నా తమ్ముడికి నేనేం చెప్పను? మీ ఇద్దరినీ ఇంటికి పంపెయ్యాల్సి వస్తుంది."

అమ్మ కళ్ళు మూసుకుంది.

"చూశారా, నోరు పెగలట్లేదు!" అన్నాడు జావెద్. నాకు ఒళ్ళు మండిపోయింది, అతని మీదా, అమ్మ మీదా కూడా.

"ఒట్టేసెయ్యవే! ఏం పోద్ది? నువ్వు తియ్యలేదుగా" అని నాన్న బతిమాలాడు.

"అమ్మా, వీసా పోతే ఈ నేలంతా ఏమైపోద్దే?" అన్నాను నేను.

అమ్మ కళ్ళు తెరిచి నావైపు తిరిగింది. "ఇవాళ ఒట్టేసి నిజం చెబితే, ఇన్నేళ్ళూ ఒట్టు లేకుండా నీకు చెప్పినవన్నీ ఏమైనట్టే?"

నాకు మామిడికాయలు గుర్తొచ్చాయి.

తర్వాత తన అరబ్బీ, హిందీ కలగలిపి ఖల్ఫాన్‌తో చెప్పింది. "అర్బాబ్, ఒట్టు వెయ్యను. జావెద్ వంతు రోజున నేను వాల్వు ముట్టుకోలేదు. కానీ పోయిన వారం మా వంతు రోజున మోటారు కట్టెయ్యడం మర్చిపోయి పడుకున్నాను. నీళ్ళన్నీ దారి పాలయ్యాయి. ఎవరూ చూళ్ళేదు. బావి తగ్గిందంటే దానికి నేనూ కారణమే."

నాన్న తల పట్టుకున్నాడు. మాట్లాడింది జావెదే. "అడగని తప్పు ఒప్పుకునే మనిషి, అడిగినదానికి అబద్ధమెందుకు చెబుతుంది?" అని లేచి, పార భుజాన వేసుకుని, తమ గొట్టం వెంట ఇసుక తవ్వుకుంటూ పోయాడు. ఒకచోట ట్రాక్టరు చక్రం ఎక్కి అతుకు పగిలిపోయి ఉంది. వాళ్ళ నీళ్ళన్నీ అక్కడే భూమిలోకి ఇంకిపోతున్నాయి. బురద చేతులతోనే తిరిగొచ్చి "మాఫ్ కరో దీదీ, తప్పైపోయిందక్కా" అన్నాడు. అమ్మ అతనికి అన్నం పెట్టింది.

ఇక ముందు అనుమానాలు వద్దని అన్నదమ్ములు వాల్వుకు పెట్టె కట్టించి తాళం వేశారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలని మళ్ళీ వాదన.

"దీదీ దగ్గర ఉంచండి" అన్నాడు జావెద్.

అమ్మ కళ్ళు మూసుకుంది. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు. కహ్వా చల్లారిపోతున్నా అందరం ఎదురుచూశాం. "సరే" అంది.

పనిలో ఎక్కడ పడిపోతుందోనని ఆ తాళంచెవిని గోనెసంచి దారానికి గుచ్చి మెడలో వేసుకుంది.

"నేను తెచ్చిన బంగారం వద్దన్నావు, ఇనుము వేసుకున్నావేంటమ్మా?" అన్నాను.

"ఇది నగ కాదే, రెండు తోటల తాళంచెవి" అని పార తీసుకుని వెళ్ళిపోయింది.

కాదనలేదు. కానీ వెనక నుంచి పిలిచి ఫోటో తీశాను. మర్నాడు డ్యూటీలో వార్డు వార్డూ తిరిగి, మా అమ్మ నగ చూడండని అందరికీ చూపించాను.