మిరప కళ్ళం దగ్గర తాళం పడిన కారు

మా పాత కారు తలుపులకు వాటంతట అవే టక్కుమని తాళాలు పడటం అంతకుముందే మొదలైంది. ఉన్నట్టుండి పడేవి, కాసేపటికి అవే తెరుచుకునేవి. ప్రత్తిపాడులో ఎలక్ట్రీషియన్ ముందు ఫ్యూజు మార్చాడు. తగ్గలేదు. తర్వాత డ్రైవరు వైపు తలుపు విప్పి లోపలి మోటారు మార్చాడు. నేనే రిమోట్‌లో బ్యాటరీ కూడా మార్చి చూశాను. నాలుగు రోజులు బుద్ధిగా ఉండి మళ్ళీ మొదలుపెట్టేది. "నీ కారుకి తిక్క" అని అక్క నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం అక్కను తీసుకుని వినుకొండలో చుట్టాలింటికి బయల్దేరాను. అక్క నాకంటే చాలా పెద్దది. ఆమధ్యే మోకాలి ఆపరేషన్ అయింది, అందుకని కాలు చాపుకోవాలని వెనక సీట్లో అడ్డంగా కూర్చుంది. దారిలో రోడ్డు పక్కన కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఇంట్లో కారానికి కాసిని కొందామని ఆపాను.

"అబ్బ, ఘాటు! అద్దాలెత్తి వెళ్ళవే. తొందరగా రా" అంది అక్క.

అద్దాలెత్తి, ఇంజన్ ఆపి, తాళంచెవి దాని చోటే వదిలేసి దిగాను. ఫోను, సంచీ సీట్లోనే ఉన్నాయి. తలుపు వేసి రెండడుగులు వేశానో లేదో వెనక టక్కుమంది.

వెనక్కొచ్చి తలుపు లాగాను. రాలేదు. నాలుగు తలుపులూ లాగాను. అక్క నేనేదో వేళాకోళం ఆడుతున్నాననుకుని లోపలినుంచి నవ్వింది. తన పక్క తలుపు తీయబోయింది. మా మనవరాలి కోసమని వెనక తలుపులకు చైల్డ్‌లాక్ వేసి ఉంచాను. అది వేస్తే లోపలినుంచి తెరుచుకోదు, తాళాలు తీసే మీట ముందు తలుపుకే ఉంది. అప్పుడు అక్క నవ్వు ఆగిపోయింది.

"ముందుకు వంగి తాళం తిప్పక్కా! అద్దం దించుకోవచ్చు!" అని అరిచాను. వంగింది. ఆ కాలితో ఎంత వంగినా చెయ్యి అందలేదు. వెనక్కి వాలిపోయి, పమిటతో మొహం తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఆ మొహం ఎర్రబడటం నా కళ్ళముందే చూస్తున్నాను. కారు రేకు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. లోపలింకెలా ఉందో! ఎవరైనా రండని కళ్ళంవైపు కేకేశాను.

కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "ఏమైందమ్మా?"

"తాళం పడింది. మా అక్క లోపల ఉంది."

ఎవరో రాయి అందించారు. డ్రైవరు వైపు తలుపు అద్దం మీద బలమంతా పెట్టి కొట్టాను. రాయి ఎగిరి నా కాళ్ళ దగ్గరే పడింది, అద్దానికి గీత కూడా పడలేదు. కళ్ళం రైతు గునపం తెచ్చాడు. "తప్పుకోండమ్మా!" అని ఒక్క పోటు పొడిచాడు. అద్దం పొడిపొడిగా రాలింది. చెయ్యి లోపలికి పెట్టి ఆ తలుపు తీశాను. లోపలికి దూరి తాళాలన్నీ తీసి, వెనక తలుపు బయటినుంచి తెరిచాను. ఇద్దరు పట్టుకుని అక్కను దించి, కళ్ళం పక్కనున్న షెడ్డు నీడలో కూర్చోబెట్టి తల మీద నీళ్ళు పోశారు.

ఇంతలో మళ్ళీ టక్. కారు దగ్గర ఎవరూ లేరు.

"ఎవరే నొక్కింది?" అంది ఒకామె. గాలికి డ్రైవరు వైపు తలుపు మెల్లగా ఊగుతోంది. ఊగినప్పుడల్లా టక్, టక్. వెళ్ళి ఆ తలుపు చేత్తో ఆడించాను. ఒకచోట వంచితే తాళాలు పడుతున్నాయి, వదిలితే తెరుచుకుంటున్నాయి. తలుపుకీ బండికీ మధ్య ఒక నల్ల రబ్బరు గొట్టం ఉంది. దాన్ని వెనక్కి లాగి చూశాను. లోపల వైర్లు. తలుపు తీసినప్పుడల్లా మడతపడి మడతపడి రెండింటికి తోలు ఊడిపోయింది. బయటపడిన రాగి తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి.

ఇన్నాళ్ళూ తలుపులో వెతికాం, ఫ్యూజుల్లో వెతికాం. ఆ రెంటి మధ్యనున్న చోటు ఎవరమూ చూడలేదు. వెంట్రుకంత తీగ.

వినుకొండలో ఒక షాపులో ఆ ముక్కలు కోసి కొత్త వైరు అతికించారు. మళ్ళీ ఆ జబ్బు రాలేదు.

సాయంత్రానికి అక్క తేరుకుని అన్నం తింది. చెయ్యి కడుక్కుంటూ నావైపు చూసి, "లోపల నాకు భయమేసిందే, అబద్ధమెందుకు. కానీ అద్దంలోంచి నీ మొహం చూసి, నాకంటే ముందు ఇదే పోయేట్టుందనుకున్నాను" అంది.

నేను నవ్వలేకపోయాను.