మేనత్త తెచ్చిన ఆకు ఉండలు

మా ఉద్దానంలో దెయ్యం కంటే నొప్పి గోళీ అంటేనే ఎక్కువ భయం. నాన్న కొబ్బరితోటలో పని చేసి నడుం పట్టేసినప్పుడల్లా దుకాణంలో ఓ గోళీ కొని మింగేసేవాడు. తర్వాత కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి పలాస తిరిగి తిరిగి, చివరికి పోయాడు. గోళీల వల్లా, ఊరి నీళ్ల వల్లా అన్నది ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. అమ్మ మాత్రం తేల్చేసుకుంది. ఆ తర్వాత మా ఇంట్లోకి జ్వరం గోళీ కూడా రాలేదు.

అమ్మ జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. ఏళ్ల తరబడి కింద కూర్చుని ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. డాక్టరు దగ్గరికి పదమంటే, "గోళీ రాత్తాడు, అంతే కదా" అని మొహం తిప్పుకునేది.

సరిగ్గా అప్పుడే ఇచ్ఛాపురం నుంచి మా మేనత్త దిగింది. ఆమె అల్లుడిది ఒడిశా. గంజాయి మొక్క ఆకుని అక్కడ భంగు అంటారు, దుకాణంలోనే దొరుకుతుందట. మొదటి రోజు ఆ ఆకు నూరి, కొబ్బరినూనెలో మరగబెట్టి అమ్మ మోకాళ్లకి పట్టించింది. ఇల్లంతా పసరు కంపు తప్ప ఏమీ కాలేదు. మర్నాడు డబ్బాలోంచి, అదే ఆకులో బెల్లం, మిరియాలు వేసి చేసిన ఉండలు తీసింది.

"అత్తా, అది గంజాయే కదా!" అన్నాను.

"గంజాయంటే పొగే. ఇది తినీది. శివరాత్రికి మా ఈదిలో అందరూ పాలల్లో కలుపుకు తాగుతారు. ఎవలైనా సచ్చిపోనారేటి?"

అమ్మకి ఆ మాట చాలు. పొగ కాదు, గోళీ కాదు, ఉత్త ఆకు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక ఉండ పాలతో మింగింది. టీ మరిగేసరికి, "ఏటీ నేదు వదినా, నొప్పి అలాగే ఉంది" అంది.

"నీది మొండి ఒళ్లు. ఇంకోటి తిను."

నేను వద్దని అరుస్తూనే ఉన్నాను. రెండోది కూడా తినేసింది. నా మాట ఈ ఇంట్లో ఎప్పుడు చెల్లింది గనక!

కాసేపటికి బట్టలు మడతపెడుతూ అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. మేమూ నవ్వాం. ఆమె నవ్వు ఆగలేదు. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయి, రెండు చేతులూ మొహం ముందు పెట్టుకుని, "నా సేతులేవే?" అంది. గుండె మీద చెయ్యి వేస్తే దడదడమని కొట్టుకుంటోంది. నాన్న వెళ్లిన దారినే అమ్మనీ పంపేస్తున్నామనిపించింది. అత్త దిష్టి తీయాలని నిమ్మకాయ వెతుకుతోంది. ఆ నిమ్మకాయ లాక్కుని విసిరేసి ఆటో పిలిచాను. అత్త డ్రైవరు పక్కన ఎక్కింది.

దారి పొడవునా అమ్మ నాన్నతో మాట్లాడుతూనే ఉంది. ఆటో సీటులో మా ఇద్దరి మధ్యా ఆయన కూర్చున్నట్టు ఇంకాస్త జరిగింది కూడా. నేను ఏడుస్తూ ఆమె చెయ్యి వదల్లేదు.

పలాసలో ఆస్పత్రి మెట్ల దగ్గర అత్త నా భుజం పట్టుకుంది. "ఆకు మాట సెప్పకే. పోలీసులొత్తారు."

పోలీసులంటే నాకూ భయమే. అమ్మ లేకుండా ఇంటికి తిరిగి వెళ్లడం అంతకంటే భయం. డాక్టరు అడగకముందే అంతా చెప్పేశాను.

"పొగైతే వెంటనే తలకెక్కుతుందమ్మా. తిన్నది కడుపులోంచి నెమ్మదిగా ఎక్కుతుంది. మొదటిది ఎక్కకముందే రెండోది వేసేశారు" అన్నాడాయన. సెలైన్ పెట్టించి, కిడ్నీల పరీక్షకి రక్తం తీయించాడు.

చేతికి గొట్టం చూసి అమ్మ వార్డు దద్దరిల్లేలా అరిచింది. "నాకూ ఎట్టీసారా? మీ నాన్నకెట్టినట్టే ఎట్టీసారా?" డయాలసిస్ కాదమ్మా, ఉప్పునీళ్లే అని ఎన్నిసార్లు చెప్పినా ఆ అరుపు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నకి తేరుకుంది. కిడ్నీలు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాడు. నొప్పి ఎక్కువైనప్పుడు వేసుకోమని ఆయన ఒక గోళీ ఇచ్చాడు. తను చెప్పినంతే వేసుకుంటే కిడ్నీలకి భయం లేదని రెండుసార్లు చెప్పి మరీ వెళ్లాడు.

అమ్మ ఆ గోళీని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని దిండు కిందికి తోసేసి, డాక్టరు దూరంగా వెళ్లాడా లేదా అని చూసుకుని, నా చెవి దగ్గరికి వంగింది.

"మీ అత్త డబ్బాలో ఉండలింకా ఉన్నాయేటే?"