కార్డులో లేని బొమ్మ

గుత్తిలో రైలు దిగేసరికి ఉదయం ఆరు దాటింది. జూన్ మొదటి వారం. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. ట్రక్కు తాడిపత్రి రోడ్డు మీద కొంత దూరం పోయి, ఎర్రమట్టి బాటలోకి మళ్ళి, ఒక రాతిగుట్ట కింద ఆగింది. అక్కడి నుంచి నడక. వీపున కిట్టు, మెడలో బైనాక్యులర్, రెండు చేతుల్లో నీళ్ళ క్యాన్లు.

గుట్ట మీద మా పోస్టు. ఇసుక బస్తాల గోడ, కింద నాపరాళ్ళు, పైన టార్పాలిన్. వాయవ్యాన దూరంగా గుత్తి కోట. మిగతా అన్ని దిక్కులా దున్ని పెట్టిన చేలు. నేలంతా ఎరుపే. పచ్చన ఎక్కడా లేదు.

సైన్యంలో పనిచేశానంటే మా ఒంగోలు వైపు వాళ్ళు మంచు గురించీ, సరిహద్దు గురించీ అడుగుతారు. అవీ చూశాను. చెప్పమంటే మాత్రం నాకు ముందు గుర్తొచ్చేది ఈ గుట్టే.

పోస్టులో ముగ్గురం. కమాండర్ హర్యానా సార్జెంటు, మాట తక్కువ మనిషి. రేడియో ఆపరేటర్ శ్రీకాకుళం కుర్రాడు, ఆ లోటు తీర్చేవాడు. నేను అబ్జర్వర్‌ని. వానాకాలమంతా సాగే ఒక విన్యాసం కోసం మమ్మల్ని అక్కడ పెట్టారు. రాడార్‌కు చిక్కనంత కిందుగా వచ్చే విమానాన్ని కంటితో, చెవితో గుర్తుపట్టి కంట్రోల్‌కు చెప్పాలి. చూసే వరుస ఒకటే: రెక్క, ఇంజన్, ఒడలు, తోక. సాయానికి ఒక కార్డుల కట్ట ఉండేది. ఒక్కో కార్డు మీద ఒక్కో విమానం నల్లటి నీడబొమ్మలు: ముందు నుంచి, పక్క నుంచి, కింద నుంచి. పైనుంచి చూసిన బొమ్మ ఉండదు. మాలాంటి వాళ్ళు ఎప్పుడూ కిందే ఉంటారు కదా.

మూడో రోజు ఉదయం శబ్దం ముందు వచ్చింది. సన్నని ఈల, దాని వెనుక బరువైన హోరు. టర్బోప్రాప్. అంటే లోపల జెట్ ఇంజన్ తిరుగుతూ ముందున్న ఫ్యానును తిప్పే రకం. ముప్పై నలభై మందిని మోసే విమానం వస్తుందనుకుని బైనాక్యులర్ ఎత్తాను. వచ్చింది నలుగురు కూర్చునే చిన్న విమానం. రెక్కలు ఒడలికి అడుగున అమర్చి ఉన్నాయి. చక్రాలు ముడుచుకోలేదు. ముక్కు మాత్రం దోసకాయలా సాగి ఉంది. దాని కింద రెండు వైపులా మీసాల్లాగా పొగ గొట్టాలు. చెవి ఒకటి చెబుతోంది, కన్ను ఇంకొకటి చెబుతోంది. కార్డుల కట్ట రెండుసార్లు తిప్పాను. లేదు.

"కంట్రోల్, ఇది పోస్ట్ మూడు. ఒక విమానం, తక్కువ ఎత్తు, తూర్పు దిశ. రకం తెలియదు," అన్నాడు ఆపరేటర్.

"పోస్ట్ మూడు, 'తెలియదు' అనే రకం ఏదీ లేదు. తెలుసుకుని చెప్పండి."

మరునాడు సార్జెంటు నన్నూ ఆపరేటర్‌నూ కిందికి పంపాడు. గుట్టకు మూడు కిలోమీటర్లలో మూతపడిన ఒక గనుల కంపెనీ రన్‌వే ఉంది. దాని చివర రేకుల షెడ్డు. షెడ్డులో అరవై దాటిన మనిషి, చేతులకు గ్రీజు. ఎక్కడెక్కడో విమానాలు మరమ్మతు చేసి రిటైరై సొంత జిల్లాకు వచ్చిన ఇంజనీరు.

"ఏమప్పా, సైన్యానికి గూడా తెలీలేదా మా బండి?" అని ముఖమంతా నవ్వాడు. "తెలీదులే. పెట్టెల్లో ముక్కలు ముక్కలుగా తెప్పించుకుని బిగించుకునేది ఇది. రివిట్లు కొట్టీ కొట్టీ నా కుడిచెయ్యి జానెడు పొడుగైంది. అందరూ దీనికి పెట్రోలు ఇంజన్ పెడతారు. నేను టర్బోప్రాప్ పెట్టినా. ఈ ఇంజన్ తేలిక. అందుకే ముక్కు పొడుగు చేసి ముందరికి జరిపినా. లేకుంటే తోక మీద కూచుంటాది."

పరీక్షగా ఎగరడానికి మాత్రమే ఆ విమానానికి అనుమతి ఉంది. ఆ పరీక్షలన్నీ పూర్తయితేనే పక్కా అనుమతి. అప్పటిదాకా పక్కన ఎవరినీ ఎక్కించుకోకూడదు. "మా ఇంటామె ఎనిమిదేండ్లుగా అడుగుతాండాది, నన్నెప్పుడు ఎక్కిస్తావని. ఈ వానాకాలం అయిపోతానే ఎక్కిస్తానని చెప్పినా," అన్నాడు.

ఆ సాయంత్రం అట్టముక్క మీద నల్ల మార్కరుతో నేనే కార్డు గీశాను. ముందు, పక్క, కింద. సార్జెంటు చాలాసేపు చూసి కట్టలో పెట్టాడు. ఆ తర్వాత ఈల వినపడగానే పేరు చెప్పేవాళ్ళం. దేశంలో ఎక్కువ మంది చూడని విమానాన్ని రోజూ చూస్తున్నామన్న గర్వం మాకూ పట్టుకుంది.

గుట్ట కింది చేను ఖాదర్‌బీది. భర్త తాడిపత్రిలో బండల పాలిష్ మిల్లులో పనిచేస్తాడు. సేద్యం ఆమెదే. రోజూ మాకు పాలు తెచ్చేది. శెనక్కాయ విత్తనం ఒలిచి ఇంట్లో సిద్ధంగా పెట్టుకుంది. ఒలిచిన గింజ ఎక్కువ కాలం నిలవదు. పదును వాన ఒక్కటి పడితే చాలు, విత్తుతుంది. మృగశిర అట్లాగే పోయింది. ఆరుద్ర వచ్చింది. రోజూ పడమట మబ్బు లేచేది, మా నెత్తి మీదికి వచ్చేది, వెళ్ళిపోయేది.

ఆ ప్రాంతంలో గాలిమరలు మబ్బుల్ని తరిమేస్తాయని అప్పటికే ఒక నింద ఉంది. ఒక పొద్దున ఖాదర్‌బీ పాలు పోస్తూ ఆపరేటర్‌ను అడిగింది.

"ఏం నాయనా, ఆ విమానం మోడాలు తోలేకే వచ్చిందంట గదా?"

"నీకిప్పుడు తెలిసిందా? మీ మబ్బులన్నీ మా శ్రీకాకుళానికే తోలుతోంది. అందుకే గదమ్మా మాకు ఏటా వరదలు!"

"అట్లయితే మీ ఊరోళ్ళకు చెప్పబ్బీ, ఒకటన్నా తిరిగి పంపీమని."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఊళ్ళో కూడా ఆమె నవ్వుతూనే చెప్పిందట. రెండిళ్ళు దాటేసరికి మాటే మిగిలింది, నవ్వు రాలిపోయింది. పగలూ రాత్రీ ఆకాశం వైపు చూడడమే పనిగా ఉన్నవాళ్ళు చెప్పిన మాట అది. అందులోనూ వరదలొచ్చే ఊరివాడు చెప్పింది.

వారం తర్వాత ఆ మాట మళ్ళీ మా దాకా వచ్చింది. సార్జెంటు నవ్వలేదు. "వెళ్ళి సరిచేసి రండి," అన్నాడు. ఆపరేటర్, నేను ఊళ్ళోకి వెళ్ళాం. టీ అంగడి దగ్గర పది మంది ఉన్నారు. ఆపరేటర్ చేతులు జోడించాడు. "అది ఒక మనిషి సొంతంగా బిగించుకున్న విమానమండీ. దానికీ మబ్బులకూ ఏ సంబంధమూ లేదు. నేను వేళాకోళానికి అన్నాను."

ఒక ముసలాయన గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు ఎగతాళికే అంటివి అబ్బీ. మోడాలు నిజంగానే పోతాండాయి గదా?"

ఆపరేటర్ మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. అందరూ మర్యాదగా విన్నారు. టీ డబ్బులు తీసుకోలేదు.

జులైలో ఒక ఉదయం 6:10కి ఆ విమానం లేచింది. అదే ఆఖరి పరీక్ష. ట్యాంకులో ఇంధనం అడుగంటేదాకా ఎగిరి దిగాలి. ముందు రోజు ఫోను చేసి ఇంజనీరే చెప్పాడు. మేము ఆకాశం చూస్తున్నాం. మా పని అదే. రన్‌వే వైపు చూడాలని ఎవరికీ తోచలేదు. 9:40కి సార్జెంటు ఎందుకో బైనాక్యులర్ కిందికి దించాడు.

"రన్‌వే మీద నల్లగా ఏమిటది?"

చూశాను. అడ్డంగా బారులు బారులుగా తుమ్మకంప, మధ్యలో బండలు. పక్కన ఊరి జనం.

ఆపరేటర్ షెడ్డుకు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఇంజనీరు సెల్లుకు చేశాడు. అందలేదు. రేడియో అందుకున్నాడు. "కంట్రోల్, పోస్ట్ మూడు. రన్‌వే మూసుకుపోయింది. ఆ విమానాన్ని దిగొద్దని చెప్పాలి."

"పోస్ట్ మూడు, ఏ విమానం?"

అతడు పూర్తి పేరు చెప్పాడు. ఎత్తు, వేగం, దిశ చెప్పాడు. ఒక్క అక్షరం తప్పు లేదు.

"గుర్తింపు సరైనదే. ఫ్రెండ్లీ. ఆ విమానంతో మాకు నేరుగా రేడియో లేదు. ప్రయత్నిస్తాం. ఓవర్."

"పరుగెత్తు," అన్నాడు సార్జెంటు నాతో.

సగం దారిలో ఉండగా ఈల వినిపించింది. విమానం కిందికి వచ్చి, కంప చూసి, లేచింది. చుట్టు తిరిగి మళ్ళీ వచ్చింది. బైనాక్యులర్ ఎత్తి చూశాను. అప్పటికి రన్‌వే మీద జనం పరుగులు పెడుతున్నారు. కంప వేసిన చేతులే దాన్ని లాగేస్తున్నాయి. ఖాదర్‌బీ కొంగు నడుముకు చుట్టి ఒక మండను ఒంటరిగా ఈడుస్తోంది. కొందరు తువ్వాళ్ళు ఊపుతున్నారు. మూడో చుట్టులో ఈల ఆగిపోయింది. ఫ్యాను ఇంకా తిరుగుతోంది, శబ్దం మాత్రం లేదు. విమానం నా తల మీదుగా గాలిని కోసుకుంటూ గుట్ట కింది దుక్కిలోకి దిగింది. ముందు చక్రం మట్టిలో దిగబడింది. తోక లేచి, ధబ్బున పడింది.

ఆయన బతికాడు. భుజం ఎముక విరిగింది. మేము బయటికి లాగి గట్టు మీద కూర్చోబెట్టాం. అది ఖాదర్‌బీ చేను. ఆమె పరుగున వచ్చి ఎదురుగా నిలబడింది. రెండు చేతులూ ముళ్ళు గీరుకుని నెత్తురు.

"ఈడ దిగనీకుంటే ఇంకో ఊరికి పోయి దిగుతావనుకుంటిమి నాయనా. బస్సు మాదిరి. నీకేమన్నా కావాలని కాదు."

"మోడాలు తోల్తాదని ఎవురు చెప్పినారమ్మా?" అన్నాడాయన, అలసిపోయిన గొంతుతో.

ఆమె నా యూనిఫాం వైపు ఒకసారి చూసింది. తల తిప్పుకుంది. "ఎవురో," అంది.

పావుగంట తిరక్కముందే వాన వచ్చింది. ఆయన్ని అప్పుడే ఆటోలో ఎక్కిస్తున్నారు. మొదటి చినుకులు వేడి పొగ గొట్టాల మీద పడి చుయ్యిమన్నాయి. టీ అంగడి ముసలాయన గట్టు మీద నిలబడి ఆకాశం వైపు, తర్వాత విమానం వైపు చూశాడు. ఇంజనీరు అరచెయ్యి బయటికి చాపి వాన పట్టాడు. రైతు ఇంట్లో పుట్టిన మనిషి.

"పదునైతాది. విత్తుకోమ్మా," అన్నాడు ఖాదర్‌బీతో.

రెండు రోజుల తర్వాత ఆపరేటర్ సెలవు అడిగి గుత్తి ఆసుపత్రికి పోయి వచ్చాడు.

"చెప్పావా?"

"చెప్పానన్నా. శ్రీకాకుళం మాటతో సహా."

"ఏమన్నాడు?"

"నవ్వాడన్నా." ఆ తర్వాత రేడియో మాటలు తప్ప ఆ కుర్రాడి నోట ఇంకో మాట వినడానికి మాకు చాలా రోజులు పట్టింది.

ఆ విమానానికి మళ్ళీ అనుమతి రాలేదు. బాగు చేసే ఓపిక ఆయనకూ లేకపోయిందని తర్వాత విన్నాను. ఆయన భార్య అందులో ఎక్కనే లేదు.

విచారణ అయ్యేదాకా కదపకూడదని విమానాన్ని చేలోనే ఉంచారు. పదును మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఖాదర్‌బీ చేనంతా గొర్రుతో విత్తించింది. గొర్రు తిరగని చోట, రెక్కల అంచుదాకా, తోక పక్కదాకా, వంగి చేత్తో ఒక్కొక్క గింజే నాటింది. ఆ నేలలో గజం జాగా కూడా ఎవరూ వదులుకోరు. మొలక వచ్చి ఆకు విప్పాక లారీ వచ్చి విమానాన్ని ఎత్తుకుపోయింది.

సెప్టెంబరులో పోస్టు ఎత్తేశారు. ఇసుక బస్తాలు కుమ్మరించాం, టార్పాలిన్ మడిచాం. కార్డుల కట్ట అప్పగించే ముందు నేను గీసిన అట్టముక్కను సార్జెంటు తీసి నా చేతిలో పెట్టాడు. దిగే ముందు అలవాటు కొద్దీ బైనాక్యులర్ ఎత్తాను. ఆకాశం ఖాళీగా ఉంది. కిందికి దించాను.

ఇప్పుడు మా ఊరి మీదుగా ఏ విమానం పోయినా నా తల దానంతటదే పైకి లేస్తుంది. రెక్క, ఇంజన్, ఒడలు, తోక. పేరు నోటికి వచ్చేలోపే ఆ చేను కళ్ళ ముందు నిలుస్తుంది. మోకాలెత్తు పచ్చటి శెనక్కాయ పైరు. దాని నడుమ ఏమీ మొలవని ఎర్రటి నేల. రెండు రెక్కలు, చిన్న తోక, సాగిన ముక్కు. నేను గీసిన కార్డులో ఆ బొమ్మ లేదు. అది పైనుంచి చూసిన బొమ్మ.