అప్ప తినలేని రొట్టి

పలాస స్టేషన్ బయట, కాశీబుగ్గ వైపు వెళ్లే దారిలో మా బండి ఉంటుంది. ఇప్పుడు దాని దగ్గర నేనొక్కదాన్నే ఉంటాను. ఒకప్పుడు ఇద్దరం ఉండేవాళ్లం, నేనూ మా అప్పా. మా వైపు అక్కని అప్ప అంటాం.

మాది బారువకి దగ్గర్లో, ఇంట్లో పడుకుంటే సముద్రం హోరు వినిపించే పల్లె. అప్పని ఆ ఊళ్లోనే ఇచ్చారు. బావకి కొబ్బరి తోట, దాని పక్కనే కొంత జీడి తోట ఉండేవి. వాళ్లకి పిల్లలు పుట్టలేదు. నేను టెక్కలిలో డిగ్రీ చదివాను, పెళ్లి చేసుకున్నాను, అది నిలవలేదు. అప్ప ఇంటికే వచ్చేశాను. ఎందుకు వచ్చావని తను ఏనాడూ అడగలేదు. వచ్చిన రోజున నా సంచీ అందుకుని, "అన్నం తిన్నావేటే గుంటా?" అంది. మా వైపు చిన్నపిల్లని గుంట అంటారు. నాకు ముప్పై దాటినా తన నోట నేను గుంటనే.

తరవాత తుపాను వచ్చింది. తెల్లవారేసరికి తోటలో నిలబడిన చెట్టు లేదు. బావ పడిపోయిన ఒక కొబ్బరి మాను మీద కూర్చుని మధ్యాహ్నం దాటినా లేవలేదు. అప్ప వెళ్లి పక్కన కూర్చుంది. ఏం చెప్పిందో తెలియదు గానీ, ఇద్దరూ కలిసి ఇంటికొచ్చారు. మళ్లీ మొక్కలు నాటి, అవి కాపుకి వచ్చేదాకా ఏదో ఒకటి చేయాలి కదా. కొన్నాళ్లు అప్ప, నేను పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లాం. రోజంతా వంగి కూర్చుంటే నడుములు పడిపోయేవి. ఒకరోజు బస్సులో తిరిగి వస్తూ అప్ప అంది.

"ఇలాగ ఎన్నాళ్లే? నాకు రొట్టి కాల్సడం బాగా వొచ్చు. స్టేషను కాడ బండెట్టుకుందుమా?"

ఆ రొట్టి మినపరొట్టి. దిబ్బరొట్టి అని కూడా అంటారు. మినపపిండిలో బియ్యపు రవ్వ కలిపి, ఇనప మూకుడులో మందంగా పోసి, మూత మీద నిప్పులు వేసి సన్న సెగ మీద కాలుస్తారు. పైన పెంకులా కరకరలాడుతుంది, లోపల దూదిలా ఉంటుంది. అప్ప అందులో జీడిపప్పు ముక్క చల్లేది. ముక్క పలాసలో చవగ్గా దొరుకుతుంది. పక్కన మామిడికాయ వేసి నూరిన కొబ్బరి పచ్చడి. తీపి కావాలన్నవాళ్లకి బెల్లం పానకం. అంతే, ఇంకేమీ ఉండేది కాదు మా బండి మీద. కూలి పనికెళ్లేవాడు కూడా కడుపునిండా తిని వెళ్లేలా ధర పెట్టాం.

బండి నిలదొక్కుకుంది. రైలు దిగినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు, హైవే మీద కలకత్తా వైపు వెళ్లే కార్లవాళ్లు ఆగేవారు. ఒడియావాళ్లతో అప్ప వచ్చీరాని ఒడియాలో మాట్లాడేది. వాళ్లు నవ్వితే ఇంకో పచ్చడి గరిటె వేసేది.

మూడో వేసవిలో తన కాళ్లు వాచాయి. మా ఊళ్లున్న ఉద్దానం ప్రాంతంలో కాళ్లు వాస్తే మేం ఎవరం కొత్తగా కంగారు పడం. అదేమిటో మాకు తెలుసు. మా వీధిలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అలాగే మొదలై వెళ్లిపోయారు. మా నాన్న కూడా. పరీక్షలు చేసి, కిడ్నీలు రెండూ పోయాయనీ, ఇక డయాలసిస్, అంటే యంత్రంతో రక్తశుద్ధి, చేయించుకుంటూ ఉండాలనీ డాక్టరు చెప్పాడు. బయటికొచ్చాక బావ గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. అప్ప మాత్రం, "బేగి పదండి, పిండి పులిసిపోద్ది," అంది.

ఏం తినకూడదో ఆస్పత్రిలో ఒక నర్సు నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పింది. ఉప్పు బాగా తగ్గించాలి. కొబ్బరి వద్దు. జీడిపప్పు వద్దు. పప్పులు వద్దు. బెల్లం వద్దు. నీళ్లు కొలుచుకుని తాగాలి. అప్ప అన్నింటికీ తలూపుతూ విని, చివర నావైపు తిరిగి, "ఓలమ్మ, మన బండి మీదవన్నీ సెప్పేసిందే!" అంది. నవ్వబోయింది. సగంలో ఆగిపోయింది.

ఆ తరవాత రుచి చూడడం నా పని అయింది. పచ్చడి నూరి నా అరచేతిలో కొంచెం పెట్టేది. నేను నాక్కుని చెప్పేదాకా నా మొహంలోకి చూస్తూ నిలబడేది.

"ఉప్పు సాలిందా?"

"సాలింది."

"పులుపు?"

"బాగుందప్పా."

"బాగుందంటే సాలదే. ఎలాగుందో సెప్పు."

చెప్పడానికి నాకు మాటలు చాలేవి కావు. కొబ్బరి లేతగా ఉందనీ, మామిడి వాసన తర్వాత తగులుతోందనీ ఏదో చెప్పేదాన్ని. తను కళ్లు మూసుకుని వినేది. తను తిన్నట్టే వినేది.

ఆ చలికాలంలో బెంగుళూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఊళ్లు తిరుగుతూ వీధుల్లో దొరికే తిండి గురించి వీడియోలు తీస్తుందట. రైలు ఆలస్యమై మా దగ్గర రెండు రొట్లు తింది, అప్పతో చాలాసేపు మాట్లాడింది, వీడియో తీసుకుంది. తనే మా బండి పేరు విశాఖలో జరిగే ఒక వీధి తిండి పోటీకి పంపింది. ముందు ఎవరో ఇద్దరు చెప్పకుండా వచ్చి తిని వెళ్లారట. మాకు తెలియనే తెలియదు. తరవాత ఫోను వచ్చింది. మా రొట్టికి మొదటి బహుమతి.

అప్ప ఫోను పట్టుకుని, "మాకా? మీరు సరిగ్గా సూసుకున్నారా బాబూ?" అని రెండుసార్లు అడిగింది.

రక్తశుద్ధి లేని రోజే వేడుక పడింది. తను పెళ్లినాటి పట్టుచీర కట్టుకుంది. వాచిన చేతికి గాజులు ఎక్కలేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, తడి చేసిన గుడ్డతో పెదాలు అద్దుకుంటూ వచ్చింది. సముద్రపు ఒడ్డున పెద్ద పందిరి వేశారు. దీపాలు, పాటలు, జనం. మేము తెచ్చిన పిండితో అక్కడే రొట్టి కాల్చాం. పేరు పిలిచారు. అప్ప, బావ, నేను వేదిక ఎక్కాం. షీల్డు ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. బావ ఎక్కడ చూడాలో తెలియక తన కాళ్లకేసి చూస్తున్నాడు.

అప్పుడు పెద్దమనిషి ఒకాయన, పాపం సంతోషంతోనే, పళ్లెంలోంచి రొట్టి ముక్క తుంచి కొబ్బరి పచ్చడిలో ముంచి, "ఇంత బాగా చేసిన అమ్మకి ముందు మనం తినిపించాలి," అని అప్ప నోటికి అందించాడు. ఫొటోలవాళ్లు ముందుకొచ్చారు. వద్దని చెప్పడానికి నేను అడుగు వేశాను. అప్ప కళ్లతోనే నన్ను ఆపింది. నోరు తెరిచింది. ముక్క నోట్లో పెట్టుకుంది. ఫొటోలకి నవ్వింది.

నమలలేదు. దాన్ని అలాగే బుగ్గన పెట్టుకుని, అందరికీ దండాలు పెట్టి, మెట్లు దిగి, పందిరి వెనక జనరేటర్ ఉన్న చోటుకి నడిచింది. నేను వెనకే వెళ్లాను. ఇసకలో కూర్చుని, చెంగు అడ్డం పెట్టుకుని ఆ ముక్కని చేతిలోకి ఊసింది. అంతవరకు తను ఏడవగా నేను చూడలేదు. నాన్న పోయినప్పుడు చూడలేదు, తోట పోయినప్పుడు చూడలేదు. అప్పుడు ఏడిచింది.

"ఎంత బాగుందే గుంటా," అంది. "ఎంత బాగుందే. ఎన్నాళ్లయిందో. ఒక్క ముక్క మింగేద్దునా అనిపించింది. మింగితే నువ్వు కోప్పడతావని..."

"ఒక్క ముక్కకి ఏం కాదప్పా," అన్నాను, ఏడుస్తూనే.

"ఆ ఒక్క ముక్కతో ఆగనే," అంది. చేతిలో ఉన్నదాన్ని ఇసక తవ్వి పాతిపెట్టింది. పారేయడానికి మనసు రాలేదనుకుంటాను.

ఆ తరవాత జనం మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. హైదరాబాదు నుంచి, భువనేశ్వర్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో. షీల్డుని బండికి పైన కట్టాం. దానితో, అప్పతో ఫొటోలు దిగేవారు. రక్తశుద్ధి రోజుల్లో ఆస్పత్రి నుంచి నేరుగా బండి దగ్గరికే వచ్చి బల్ల మీద కూర్చునేది. ఇంటికెళ్లి పడుకోమంటే, "నన్ను సూద్దామనొచ్చినోళ్లు నేనగుపడకపోతే ఏటనుకుంటారే?" అనేది. తినేవాళ్ల మొహాలు చూడడమే తనకి మిగిలింది. వాళ్లు "మీరు తినరా అమ్మా?" అంటే, "మా సెల్లి తింటాది, నాకు సెప్తాది," అనేది.

నా కిడ్నీ ఇస్తానని ఒకరోజు చెప్పాను. గట్టిగా తిట్టింది. "నాకొద్దు. నీకేటైనా అయితే నానేం మొకం పెట్టుకుని బతుకుతాను?" అంది. నేను ఊరుకోలేదు. బావతో మాట్లాడి, తనకి చెప్పకుండా విశాఖ వెళ్లి పరీక్షలు చేయించుకున్నాను. అన్నీ కుదిరితే అప్పుడు చెప్పి ఒప్పించవచ్చు అనుకున్నాం. ఆ వారమంతా నేను ఎంత సంతోషంగా ఉన్నానో ఎవరికీ చెప్పలేను. అప్పకి పచ్చడి తినిపించే రోజు కళ్లముందు కనబడేది.

డాక్టరు నన్ను కూర్చోమన్నారు. నా ఊరి పేరు అడిగారు. చెప్పాక కాగితాలు మళ్లీ ఒకసారి చూశారు. తరవాత చెప్పారు, "మీరు ఇవ్వలేరమ్మా. మీవి కూడా దెబ్బతినడం మొదలైంది. ఇంకా మొదట్లోనే ఉంది. జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్లు నెట్టుకు రావచ్చు." నాకు నా గురించి ఏమీ అనిపించలేదు. అప్పకి ఇక ఎవరిస్తారు అన్నదొక్కటే తలలో తిరిగింది. బావవి సరిపడవని ముందే చెప్పేశారు.

అప్పకి చెప్పకూడదనుకున్నాను. కానీ బండి దగ్గర నేను ఉప్పు చూడడానికి వెనకాడడం తను ఒక్క పూటలో కనిపెట్టింది. జనం పలచబడ్డాక నా చెయ్యి పట్టుకుని బండి వెనక్కి తీసుకెళ్లింది.

"ఏటయింది? ఇశాపట్నం ఎందుకెళ్లావు? మీ బావ మొకం సూత్తే తెలిసిపోతంది. సెప్పు."

చెప్పాను. తను నా మీద అరవలేదు. నా రెండు అరచేతులూ తీసుకుని, తన మొహానికి ఆనించుకుని అలాగే నిలబడింది. నా చేతులు తడిసిపోయాయి. అవతల ఎవరో రొట్టి కావాలని పిలుస్తున్నారు. చాలాసేపటికి, "ఇయాల్టి నుంచి ఉప్పు నువ్వు సూడకు," అంది. "మీ బావ సూత్తాడు."

మర్నాటి నుంచి బావ పచ్చడి రుచి చూశాడు. ఆయనకి చెప్పడం చేతకాదు. "బాగుంది" అనేవాడు, అంతే. అప్ప ఇంకేమీ అడిగేది కాదు.

ఆ పైన తను చాలా రోజులు బతకలేదు. ఎండాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం, ఆస్పత్రిలో యంత్రం తిరుగుతుండగానే గుండె ఆగిపోయింది. అక్కడివాళ్లు చేయగలిగినదంతా చేశారు. నేను బండి దగ్గర ఉన్నాను. ఫోను వచ్చినప్పుడు నా ముందు తిరుపతి వెళ్తున్న ఒక కుటుంబం నిలబడి ఉంది. ఆరుగురు. వాళ్ల రొట్లు మూకుళ్లలో కాలుతున్నాయి. అవి అలాగే వదిలేసి పరుగెత్తాను. వాళ్లు సెగ ఆర్పి, బండికి కాపలాగా నిలబడి, రైలు వదులుకున్నారని తరవాత పక్క టీ కొట్టతను చెప్పాడు. వాళ్లెవరో నాకు తెలియదు.

కర్మలయ్యాక బండి ఎత్తేద్దామనుకున్నాను. బావే వద్దన్నాడు. "అది పెట్టింది. ఎత్తీడానికి మనమెవులం?" అన్నాడు. ఇప్పుడు పొద్దున్నే పచ్చడి నూరి, రుచి చూసి, తోటకి వెళ్లిపోతాడు. కొత్త మొక్కలు మనిషెత్తు దాటాయి. కొబ్బరికాయ కొట్టిన ప్రతిసారీ ఆయన అటు తిరిగి నిలబడతాడు. నేను చూడనట్టు ఉంటాను.

వీడియో చూసి వచ్చేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. ఫోనులో అప్ప మొహం చూపించి, "ఈ అమ్మగారు లేరా?" అంటారు. మొదట్లో చెప్పేసేదాన్ని. ఒకావిడ అది విని తింటున్న పళ్లెం పక్కన పెట్టేసింది, ఇక ముద్ద దిగలేదు. ఆకలితో వచ్చిన మనిషి అలా వెళ్లిపోతే అప్ప ఊరుకునేది కాదు. అందుకని ఇప్పుడు ముందు తిననిస్తాను. చేతులు కడుక్కున్నాక చెబుతాను.

నేనూ ఇప్పుడు ఉప్పు తగ్గించాను. మందులు వాడుతున్నాను. పరీక్షలకి అదే ఆస్పత్రికి వెళ్తాను. పోయినసారి వెళ్లినప్పుడు, అప్ప పడుకునే మంచం మీద ఒకామె ఉంది. నా కంటే చిన్నది. ఏ ఊరని అడిగితే మా పక్క ఊరి పేరే చెప్పింది. పక్కన ఎవరూ లేరు, భర్త చెన్నైలో పనిలో ఉన్నాడట. మళ్లీ వచ్చేటప్పుడు ఏమైనా తెస్తాననబోయి ఆగాను. మా బండి మీద ఉన్నవి ఏవీ ఆమె తినకూడదు.

స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. యంత్రం ఆగేదాకా ఏవేవో మాట్లాడుకున్నాం. ఆ పూట బండి తీయలేదు.